కాగితంలో కాలువ, కళ్ల ముందు రోడ్డు

కండక్టర్ ఇల్లు అమ్మకానికి వచ్చిందన్న వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా పక్క జిరాక్సు దుకాణం ఆయన. ఇబ్రహీంపట్నంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందున్న మా దుకాణాల వరుసలో ఆయనకు తెలియని సంగతి ఉండదు. ఎవరి కాగితమైనా ఆయన మిషన్ మీదుగానే పోవాలి కదా. ఒక కాపీ గిరాకీకి, ఒక కాపీ ఆయన మనసుకు. ఆ పొద్దున నేను కంప్యూటర్ మూలకు కుంకుమ బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాను. కళ్లు తెరవకముందే ఆయన గొంతు వినబడింది.

"అక్కా, నీ క్యాంటీన్ చెల్లెకు ఇల్లు దొరికినట్టే. మూల మీది ఇల్లు. కండక్టర్ సాబ్ అమ్ముతుండట."

"జర దండం పెట్టుకోనియ్యవా?"

"పెట్టుకో. దేవుడు ఏడికి పోడు. ఇల్లు పోతది."

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక దస్తావేజు లేఖరి దగ్గర పనిచేసి, ఈ మధ్యనే ఇంటిపట్టున ఉంటున్న మనిషిని. బడి గడప తొక్కలేదు. మా అమ్మ వంట చేస్తూ చేస్తూ గచ్చు మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించింది. కూర మాడిన రోజున ఒత్తులు సరిగ్గా వచ్చాయని, ఒత్తులు తప్పిన రోజున కూర బాగుందని మా నాన్న అనేవాడు. ఆ చేతిరాత చూసే లేఖరి సారు నన్ను పనిలో పెట్టుకున్నాడు. స్టాంపు కాగితాల మీద చేత్తో రాశాను, తర్వాత టైపు కొట్టాను, ఆ తర్వాత కంప్యూటర్ నేర్చుకున్నాను. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకున్నారు. వాళ్లను పంపినవాడికి ఈ రోజుకూ దీపం పెట్టినప్పుడు చెప్పుకుంటాను. ఇదంతా నా గొప్ప కోసం కాదు. ఇంతమంది నేర్పిన మనిషి కూడా ఎంత హాయిగా తప్పు చేయగలదో మీకు తెలియాలని. ఫోను చేతిలో పట్టుకుని ఇల్లు కొనబోయే చిన్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

క్యాంటీన్ చెల్లె అంటే ఆదిభట్లలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసే మనిషి. తెల్లవారుతూనే కంపెనీ బస్సెక్కేది. ఆమె భర్త చెరువులో వల వేస్తాడు. మాట్లాడే పనంతా భార్యకే అప్పజెప్పిన మనిషి ఆయన. అద్దె ఒప్పందాలు రాయించుకోవడానికి వచ్చి వచ్చి ఆమె నాకు చెల్లె అయింది. అన్నిసార్లు ఎందుకు రావాల్సి వచ్చిందో ఆమె మాటల్లోనే చెబుతాను.

"మొదటి నెల వాసనొస్తుందంటరు అక్కా. రెండో నెల మా ముసలామెకు పడ్తలేదంటరు. మూడో నెల నా సామాను ఆటోల ఉంటది. చేపలు పట్టేటోళ్లం చేపలు వండుకోకపోతే ఏం వండుకుంటం, చెప్పు?"

"మరి ఎసుంటి ఇల్లు కావాలె నీకు?"

"పొయ్యి మీద చేప పెట్టినప్పుడు కిటికీ మూసుకోవద్దు. గంతే."

ఆ ఒక్క కిటికీ కోసం ఇద్దరూ ఏళ్ల తరబడి కూడబెట్టారు. మెడలో పుస్తెలు తప్ప మిగతా బంగారమంతా అమ్మేసింది. ఇది తప్పితే ఇంకో ఇల్లు కొనే శక్తి ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కండక్టర్‌కు కొంత బయానా కూడా ముట్టజెప్పి వచ్చింది.

కండక్టర్ అంటే బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. మంచాల దగ్గర సొంతూళ్లో పొలం ఉంది; అక్కడికే పోయి ఉంటానని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఊరి చివర ఒక పాత వెంచర్‌లో ఏడు ఇళ్ల వరుస ఉంది. మెయిన్ రోడ్డు నుంచి పోతే మొదట వచ్చే మూల ఇల్లు ఆయనది. ఆ వరుసలో మొట్టమొదట కట్టింది కూడా ఆయనే. మిగిలినవాళ్లు ఆయన ఇల్లు చూసి, అక్కడి నుంచి లెక్కపెట్టుకుని తమ తమ ప్లాట్లలో కట్టుకున్నారు. ఆ ఏడు ప్లాట్ల నంబర్లు నలభై ఒకటి నుంచి నలభై ఏడు. కండక్టర్ కాగితం నలభై ఒకటి.

నేను ఆన్‌లైన్‌లో కూర్చున్నాను. ఏ ఆస్తి మీద ఎవరు ఎవరికి ఏం రాసిచ్చారో వరుసగా చూపించే పత్రాన్ని మేము ఈసీ అంటాం. దస్తావేజు నంబరు కొట్టి చూశాను. ఊరి పేరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు కొట్టి మళ్లీ చూశాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. వెంచర్‌వాళ్లు కండక్టర్‌కు అమ్మారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేదు. అప్పు లేదు, తగాదా లేదు. ఇంటి పన్ను రసీదు కూడా ఆయన పేరు మీదే ఉంది. ప్రింటు తీసి చెల్లె చేతిలో పెట్టి, "కడిగిన ముత్యం" అన్నాను. ఆమె ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. ఇంత సులువుగా నిజం చూపించే యంత్రాన్ని మా తరానికి ఇచ్చినందుకు మనసులోనే దండం పెట్టుకున్నాను. తెర మీద నాలుగు హద్దులూ ఉన్నాయి. చదివాను కూడా. నూనె డబ్బా మీద రాసి ఉన్నది చదివినట్టు చదివాను.

గురువారానికి రిజిస్ట్రేషన్ స్లాటు దొరికింది. చెల్లె సెలవు పెట్టుకుంది. మంగళవారం సాయంత్రం, అప్పటికే దుకాణానికి రావడం తగ్గించిన సారు కర్ర ఊతంతో వచ్చాడు. నేను తయారుచేసిన అమ్మకం దస్తావేజు ముసాయిదా చదివి, కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు.

"చెక్కుబందీ చదివిపిచ్చినవా?"

చెక్కుబందీ అంటే నాలుగు దిక్కుల హద్దులు. సారుకు ఒక పద్ధతి ఉండేది. కొనేవాళ్లు ఆ జాగాలో చెప్పులు విడిచి, తూర్పు ముఖంగా నిలబడి, నాలుగు హద్దులూ పైకి చదవాలి. ఏ హద్దు చదివితే ఆ పక్కవాళ్లు "అవ్" అనాలి. నాలుగు దిక్కుల నుంచీ అవ్ అన్న మాట వినబడితేనే ఆయన కలం మూత తీసేవాడు. కంప్యూటర్ వచ్చాక, ఆయన మోకాళ్లు మొరాయించాక, ఆ పద్ధతిని నేనే మెల్లగా మరిచిపోయాను. మరిచిపోయాను అనడం కూడా మర్యాదకే; నిజానికి అది పాతకాలపు ముచ్చట అనుకున్నాను.

"ఆన్‌లైన్‌ల చూసిన సార్. మంచిగుంది."

"ఆన్‌లైన్‌ల ఉత్తరం దిక్కు ఏడుంటది?"

నేను తెర వైపు చూశాను. జిరాక్సు ఆయన కూడా వచ్చి తెర వైపు చూశాడు. ఇద్దరికీ కనబడలేదు.

"రేపు పొద్దుగాల పోదాం" అన్నాడు సారు. "నన్ను బండి మీద కూసోబెట్టి తీసుకపోరి. సూర్యుడున్నప్పుడే పోవాలె. ఆయన ఒక్కడే దిక్కులు తప్పు చెప్పడు."

బుధవారం పొద్దున జిరాక్సు ఆయన సారును స్కూటర్ మీద తెచ్చాడు. వెంచర్ నక్షా, అంటే ప్లాట్ల పటం, కాపీ ఒకటి కూడా తెచ్చాడు. ఆయన దగ్గర లేని నక్షా లేదు. నేను, చెల్లె ఆటోలో పోయాం. కండక్టర్ తెల్ల బట్టలు వేసుకుని, మాకు చాయ్ పెట్టించి ఎదురుచూస్తున్నాడు. కొత్తవాళ్లు వచ్చారని వరుసలో వాళ్లంతా గోడల మీదుగా తొంగిచూశారు. సారు కుర్చీలో కూర్చుని కర్రతో ఇద్దరు ముగ్గుర్ని పిలిచాడు. చెల్లె చెప్పులు విడిచి, ఇంటి ముందు తూర్పు ముఖంగా నిలబడి, బడిపిల్లలాగా చదవడం మొదలుపెట్టింది.

"తూర్పు, ఇరవై అడుగుల రోడ్డు."

ఎదురుగా రోడ్డు ఉంది. "అవ్!" అని అందరూ అన్నారు.

"పడమర, ఇతరుల భూమి."

ఇంటి వెనక పత్తి చేను. చేను యజమాని అక్కడ లేకపోయినా, జిరాక్సు ఆయన ఆ చేను తరఫున "అవ్" అన్నాడు.

"దక్షిణం, ప్లాటు నంబరు నలభై రెండు."

ఎవరూ పలకలేదు. దక్షిణం వైపు ఇల్లు ఉంటే కదా పలకడానికి! అక్కడ ముప్పై అడుగుల రోడ్డు ఉంది. సరిగ్గా అప్పుడే ఒక నీళ్ల ట్యాంకర్ హారన్ కొట్టుకుంటూ ఆ రోడ్డు మీద పోయింది.

"ట్యాంకర్ అవ్ అన్నది, నడువు" అన్నాడు జిరాక్సు ఆయన.

"నువ్ నోరు ముయ్యి. ఉత్తరం చదువమ్మా" అన్నాడు సారు.

"ఉత్తరం, కాలువ."

ఉత్తరం గోడకు మోచేతులు ఆనించి చూస్తున్న పక్కింటాయన మొహం చిట్లించాడు. "కాల్వేంది? నేను కాల్వ లెక్క కనబడుతున్ననా?"

నవ్వు ఆగాక సారు నెమ్మదిగా అడిగాడు. "నీ కాగితంల ఏ నంబరు?"

"నలభై రెండు."

"నీ ఇల్లు ఈయనకు ఏ దిక్కున ఉన్నది?"

"ఉత్తరాన."

"కాగితంల ఏ దిక్కున ఉండాలె?"

ఆయన చెల్లె చేతిలోని కాగితం చూశాడు, సూర్యుడి వైపు చూశాడు, తన ఇంటి వైపు చూశాడు. నక్షాను జిరాక్సు ఆయన ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఒకసారి బోర్లా కూడా తిప్పాడు. సారు లాక్కుని, పైన బాణం గుర్తు ఉన్న కొసను ఉత్తరానికి పెట్టి నేల మీద పరిచాడు. అప్పుడు అందరికీ ఒకేసారి అర్థమైంది. నక్షాలో నంబర్లు ఉత్తరం కొస నుంచి, కాలువ పక్క నుంచి మొదలవుతాయి. నలభై ఒకటి కాలువ పక్కన. నలభై ఏడు దక్షిణాన రోడ్డు మూల మీద. మేం నిలబడింది నలభై ఏడులో. చేతిలో కాగితం నలభై ఒకటిది.

"గట్లెట్ల అయితది?" అన్నాడు కండక్టర్. "రోడ్డు మీదికెల్లి వస్తే మొదలు తగిలేది గిదే గదా. మొదటి నంబరు డోరు దగ్గరి నుంచే మొదలైతది!"

"బస్సుకు సాబ్" అన్నాడు సారు. "భూమికి డోరుండదు."

ముప్పై ఏళ్లు సీట్లు లెక్కపెట్టిన మనిషి తన ప్లాటును కూడా ఎక్కే తలుపు దగ్గర నుంచే లెక్కపెట్టుకున్నాడు. ఆయన వెనక వచ్చిన ఆరుగురూ ఆయన దగ్గర నుంచే లెక్కపెట్టుకున్నారు. వరుస మొత్తం తలకిందులు! ఇన్నేళ్లు ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం కూడా ముచ్చటైనదే. నలభై మూడు నంబరాయనకు కాగితం ప్రకారం ఒక పక్క నలభై రెండు, ఒక పక్క నలభై నాలుగు ఉండాలి, ఉన్నారు. పక్కవాళ్లు సరిగ్గానే ఉన్నారు, దిక్కులే మారాయి. పక్కవాళ్లు సరిపోయాక దిక్కులు ఎవరు చూస్తారు?

నిమిషాల్లో వార్త వరుసంతా పాకింది. ఇనుప పెట్టెల్లో నుంచి, పరుపుల కింద నుంచి, బియ్యం డ్రమ్ముల్లో నుంచి కాగితాలు బయటికొచ్చాయి. నేను ఒక్కొక్కటే చదివి ఎవరి భూమిలో ఎవరి ఇల్లుందో చెబుతున్నాను. చివరికి మధ్య ఇంటాయన వంతు వచ్చింది.

"నాది ఎవల దగ్గరున్నది?"

"నీది నలభై నాలుగు. ఏడిట్ల నడుమది. ఎటు లెక్కపెట్టినా నీది నీ దగ్గరనే ఉన్నది అన్నా."

ఆయన ఒక క్షణం మీసం మెలేశాడు. తర్వాత మొహం చిన్నబోయింది. "అందరికీ ఏదో ఒక కథుంది. నాకే లేకపాయె."

కండక్టర్‌కు జాగా తారుమారైన జోడీగా తేలింది నలభై ఏడు నంబరు కాగితం. ఆ కాగితం గలవాళ్ల ఇల్లు ఆ కొసన, కాలువ పక్కన ఉంది. మొగుడూ పెళ్లాలు, కొంచెం కౌలు చేసుకుంటారు, మిగతా రోజుల్లో ఆమె కూలికి పోతుంది. చదువు లేదు. అందరూ మాట్లాడుతున్నంతసేపూ ఆమె కొంగు నడుముకు చుట్టుకుని వింటున్నది. సంగతి అర్థం కాగానే కండక్టర్ మీదికి వచ్చింది.

"అంటే ఆ కాల్వ పక్క జాగ నీదా పెద్దన్న?"

"కాగితం ప్రకారం నాదే చెల్లె."

"ఇరవై ఏండ్ల నుంచి నీ దోమలు మమ్మల్ని కుడుతున్నయ్! ఒక్క దినమన్న అడిగినవా?"

వరుస వరుసంతా పడీ పడీ నవ్వింది. కండక్టర్ కూడా నవ్వాడు. క్యాంటీన్ చెల్లె కూడా నవ్వింది. చిక్కు తన కొనుగోలుకే వచ్చిందని ఆమెకు ఇంకా తెలియదు. తెలిసింది ఆ తర్వాత. నవ్వని మనిషి ఒక్కడే, ఆ కూలి ఆమె భర్త. ఆయన తన కాగితం జిరాక్సు కాపీ మడతలు విప్పుకుంటూ ముందుకొచ్చాడు.

"అయితే ఈ మూల జాగ మాది" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది.

"మీదే గాని, ఇల్లు నాది గదా" అన్నాడు కండక్టర్.

"నేను కట్టుమన్ననా? కాగితం ఏం చెప్తే గదే లెక్క. మూల జాగకు రేటెక్కువ. ఆ ఫరకు పైసలు నాకు ముట్టేదాంక నేను ఏడ సంతకం పెట్టను. గురువారం లేదు, శుక్రవారం లేదు."

ఆయన అన్నదాంట్లో అన్యాయం ఉందేమో గాని, తప్పు లేదు. కాగితం ఆయన పక్షాన ఉంది; ఆయన సంతకం లేకుండా ఆ జాగాను ఎవరికీ అమ్మడానికి లేదు. క్యాంటీన్ చెల్లె మొహంలో రంగు పోయింది. ఆమె ఇంటి మెట్టు మీద కూర్చుని నా వైపు చూసింది.

"కడిగిన ముత్యమంటివి గదక్కా. ఏడ కడిగినవ్, ఆ కాల్వలనా?"

ఆ మాట ఈ రోజుకూ నా చెవిలో ఉంది. ఎవరూ నవ్వలేదు. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన నలభై ఒకటి గురించి అది నిజమే చెప్పింది. చెల్లె కొనబోయే గోడలు ఎక్కడ నిలబడి ఉన్నాయో అడగాల్సింది నేను. గురువారం సంతకాలు అయిపోయి ఉంటే, ఆమె చేతిలో పక్కా కాగితం ఉండేది, కాలువ పక్కన ఇంకొకరి ఇంటి కింది మట్టికి.

అప్పుడు ఆ కూలి ఆమె మాట్లాడింది. కండక్టర్‌తో కాదు, మొగుడితో.

"ఫరకు అడుగుతున్నవా? అన్న ఇల్లు చూసి లెక్కపెట్టుకొని గదా మనం కట్టుకున్నది. గాయన తప్పుల మన తప్పు కలిసిలేదా?"

"నీకు తెల్వది. లోపలికి పో."

"నాకు నంబర్లు తెల్వయ్. గోడలు ఎవరు కట్టిన్రో తెలుసు. ఆ గోడలకు నేనే ఇసుక మోసిన. అన్న కూలి ఎగ్గొట్టలే."

"నువ్ లోపలికి పో అంటున్న."

ఆమె పోలేదు. సారు కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. మొగుడి వైపు ఒక్కసారి చూసి, చూపు దించుకుని, అందరికీ వినబడేలా చెప్పింది.

"ఇంకో మాట సార్. మా అసలు కాగితం మా ఇంట్ల లేదు. షావుకారి దగ్గర కుదువ ఉన్నది. ఆయన చేతిల ఉన్నది దాని కాపీ."

"ఏయ్!" అని అరిచాడు మొగుడు.

"అరిస్తే కాగితం ఇంటికొస్తదా? రేపు ఈ చెల్లె కొంటది. ఎల్లుండి ఆ షావుకారి వచ్చి గిది నాది అంటడు. పాపం ఎవలకు?"

ఇన్నేళ్లుగా ఆ మొగుడు తమ కాగితం బీరువాలో భద్రంగా ఉందని వాడకట్టంతా చెప్పుకున్నాడట. ఆ పరువంతా ఒక్క మాటతో రోడ్డు మీద పడింది. జిరాక్సు ఆయన ఆ కాపీని చేతిలోకి తీసుకుని చూశాడు. ఆ కాపీ ఆయన మిషన్ మీద తీసిందే. అందరి కాగితాలూ చదివిన నేను గాని, కాపీ తీసిన ఆయన గాని, అసలు కాగితం ఎక్కడుందని ఒక్కమాట అడగలేదు.

మీరు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ సాయంత్రం నేను దుకాణానికి పోయి ఆన్‌లైన్‌లో నలభై ఏడు నంబరు కొట్టి చూశాను. ఏమీ లేదు. చాలా శుభ్రంగా ఉంది. కాగితం చేతికిచ్చి, మాట మీద తెచ్చుకున్న అప్పు అది. ఎక్కడా రిజిస్టరు కాలేదు, కాబట్టి ఏ తెర మీదికీ రాదు. ఆమె చెప్పి ఉండకపోతే నేను రెండోసారి కూడా ప్రింటు తీసి చెల్లె చేతిలో పెట్టి, ముత్యం అనే ఉండేదాన్ని. ఆ రాత్రి దీపం ముందు నాకు మంత్రాలేవీ గుర్తు రాలేదు. కాపాడినావు తండ్రీ అన్న ఒక్క మాటే మళ్లీ మళ్లీ వచ్చింది.

మిగిలింది త్వరగా చెబుతాను. గురువారం స్లాటు రద్దయింది. చెల్లె నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున డబ్బా నిండా పులిహోర తెచ్చి బల్ల మీద పెట్టి, "చేపల పులుసు తేవాలనుకున్న, నువ్ తినవ్ గదా" అంది. అంతటితో క్షమించేసింది. సారు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆయన అననందుకు నాకు ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

కాలువ పక్కింటి మొగుడు మొదట్లో అలిగి కూర్చున్నాడు. కానీ ఫరకు మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే ఇంట్లో అన్నం ఉండదని మధ్య ఇంటాయన మాతో చెప్పాడు. ఆయనకు ఎట్టకేలకు ఒక పని దొరికింది. ఆ వరుస వార్తలన్నీ మాకు చేరవేయడం. పత్తి అమ్ముడుపోయాక ఆ మొగుడూ పెళ్లాలు కుదువ కాగితం విడిపించుకున్నారు. కండక్టర్ "నీకేం కావాలె చెల్లె, అడుగు" అంటే ఆమె అడిగింది కిటికీలకు దోమల జాలీ. ఆయన కిటికీలకే కాదు, తలుపుకు కూడా కొట్టించాడు.

ఒకే రోజున మూడు జోడీలూ ఒకరి ప్లాటు ఒకరికి రాసిచ్చుకున్నారు. దాన్ని మార్పిడి దస్తావేజు అంటారు. మూడింటికీ సాక్షి మధ్య ఇంటాయనే. కొత్త చొక్కా వేసుకుని వచ్చి, ప్రతి సంతకానికీ పెళ్లిపెద్దలా గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత వారానికి క్యాంటీన్ చెల్లె పేరు మీద ఇల్లు రిజిస్టరైంది. ఈసారి చెక్కుబందీ చదివేటప్పుడు దక్షిణం రోడ్డు కాబట్టి జవాబు చెప్పేవాళ్లు లేరని, కండక్టర్ స్వయంగా పోయి రోడ్డు మధ్యలో నిలబడి "అవ్" అన్నాడు. వెనక నుంచి వచ్చిన బస్సు డ్రైవర్ ఆయన్ని గుర్తుపట్టి, బస్సు ఆపి మరీ నమస్తే పెట్టాడు.

గృహప్రవేశం నాడు పాలు పొంగించారు. మర్నాడు చేపలు వేగాయి. కిటికీలన్నీ బార్లా తెరిచి, చెల్లె పొయ్యి ముందు నిలబడి ఉంటే ఆమె భర్త మొదటిసారి నాతో ఒక వాక్యం మాట్లాడాడు. "మంచిగొస్తున్నది వాసన" అన్నాడు. నేను తినను గాని, నిజమే చెప్పాడు.

చిన్నవాళ్లూ, మీకు చెప్పాల్సింది ఇదే. ఆన్‌లైన్‌లో చూడండి. తప్పకుండా చూడండి, చూడకుండా కొనొద్దు. దస్తావేజు నంబరుతో చూడండి, ప్లాటు నంబరుతో చూడండి, పక్కవాళ్ల నంబర్లు కూడా చూడండి. అసలు కాగితం ఎవరి చేతిలో ఉందో కళ్లతో చూడండి. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని పోయి ఆ మట్టి మీద నిలబడండి. నాలుగు హద్దులూ గట్టిగా చదవండి. నవ్వేవాళ్లు నవ్వుతారు, ఏం ఫికర్ లేదు. నవ్వడానికైనా మనుషులు వస్తారు, వచ్చిన మనుషులు ఏదో ఒకటి చెబుతారు.

నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఇప్పటికీ ఈ కథ అడుగుతారు. నవ్వుకుంటారు కండక్టర్ లెక్కకు, మధ్య ఇంటాయన దిగులుకు. గుర్తుపెట్టుకునేది సారు పద్ధతిని. అది న్యాయమే. కానీ సారు పద్ధతి ఆ రోజు సగం నిజమే బయటపెట్టింది. మిగతా సగం ఏ రికార్డులోనూ లేదు, ఏ దిక్కునా లేదు. చదవడం రాని ఒక మనిషి నోట్లో ఉంది. ఆమె పలకకపోతే ఎవరూ ఆమెను తప్పుపట్టేవాళ్లు కాదు. పలికినందుకు మొగుడి ముందు, వాడకట్టు ముందు ఆమె ఏం పోగొట్టుకుందో నేను చూశాను. ఇచ్చింది మాత్రం తనకు ఏమీ కాని ఒక ఆడమనిషికి ఒక ఇల్లు.

ఆమె పేరు రాయమంటే వద్దంది, రాయలేదు. మీరు ఎప్పుడైనా ఇల్లు కొని, కొత్త తాళం తీసి లోపలికి అడుగుపెట్టేటప్పుడు, ఎవరెవరికో దండం పెట్టుకుంటారు కదా. అందులో ఒక్క క్షణం ఆమెను కూడా తలుచుకోండి.